"అర్థమైందా?" అని అడగడం మానేస్తే దాని బదులు ఏం అడగాలి?

సుద్దముక్క:

ఏడో తరగతి లెక్కలు. క్లాసులో 42 మంది, పీరియడ్ 45 నిమిషాలు. పాఠం చెప్పి "అర్థమైందా?" అంటే గదంతా ఒక్క గొంతుతో "అర్థమైంది సార్" అంటుంది. స్లిప్ టెస్టు పెడితే చాలామంది 0.8 కంటే 0.35 పెద్దదని రాస్తారు. ప్రశ్న అడిగితే చేతులెత్తేది ఎప్పుడూ ఆ ఐదారుగురే. మిగతావాళ్ళు వీళ్ళ మొహాలు చూస్తూ కూర్చుంటారు.

ప్రశ్న వేశాక ఎంతసేపు ఆగాలి? 42 మందీ తల పెట్టే ప్రశ్న ఎలా తయారుచేయాలి? తప్పు జవాబు వస్తే వెంటనే దిద్దాలా, కాసేపు అలా వదలాలా? పిల్లల చేతే ప్రశ్నలు అడిగించే పద్ధతి ఏమైనా ఉందా? "పిల్లల్ని ప్రోత్సహించండి" లాంటి మాటలు వద్దండీ. రేపు పొద్దున రెండో పీరియడ్‌లో ఏం చేయాలో చెప్పండి.

నల్లబల్ల:

"అర్థమైందా" అనేదానికి జవాబు చెప్పడానికి పాఠంతో పనిలేదు, గొంతు కలిపితే చాలు. పైగా అర్థం కాని పిల్లకు తనకు అర్థం కాలేదన్న సంగతి ఎలా తెలుస్తుంది? ఏదో ఒకటి చేసి చూసి, అక్కడ చిక్కుపడితేనే తెలుస్తుంది. కాబట్టి ఆ మాట తీసేసి అక్కడ ఒక చిన్న పని పెట్టండి.

ముందు ఆగడం సంగతి. అమెరికాలో మేరీ బడ్ రో అనే సైన్సు విద్యా పరిశోధకురాలు 1970ల్లో క్లాసుల టేపులు పెట్టుకుని సెకన్లు లెక్కపెట్టింది. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సగటున ఒక్క సెకనో, అంతకంటే తక్కువో. ఆ వెంటనే అదే ప్రశ్న మళ్ళీ వేయడం, లేదా ఇంకొకరిని లేపడం, లేదా తామే చెప్పేయడం. ఆ ఒక్క సెకనును 3 సెకన్లకు సాగదీస్తే పిల్లల జవాబులు పొడుగయ్యాయి, నోరు మెదపనివాళ్ళు తగ్గారు, పిల్లలు తమంతట తాము అడగడం పెరిగింది. ఆమె రెండు చోట్ల ఆగమంది. ప్రశ్నకీ జవాబుకీ మధ్య ఒకటి. పిల్లవాడు జవాబు ముగించాక మనం నోరు తెరిచే లోపు ఇంకొకటి. ఈ రెండోది దాదాపు అందరం మింగేస్తాం. "0.8 సార్" అనగానే "వెరీ గుడ్" అనేస్తే అక్కడితో ఆలోచన ఆగిపోతుంది. మీరు ఏమీ అనకుండా మూడు సెకన్లు అలాగే చూస్తుంటే "...ఎందుకంటే" అని వాడే మొదలుపెడతాడు.

3 సెకన్లు అన్నది గుర్తుతెచ్చుకునే ప్రశ్నకు. "ఎందుకు" అని అడిగితే పది, పదిహేను ఆగాలి. పెన్ను పట్టాల్సిన ప్రశ్నకు నిమిషం ఇవ్వాలి. ఆ నిశ్శబ్దం భరించలేక ప్రశ్నను వేరే మాటల్లో మార్చి అడగకండి. అప్పటికి పిల్లలు మొదటి మాటల మీద సగం దారి వెళ్ళి ఉంటారు, మాట మారగానే మళ్ళీ మొదటికి వస్తారు.

వరుస కూడా ముఖ్యం: ప్రశ్న, ఆగడం, ఆ తర్వాతే పేరు. పేరు ముందు పిలిస్తే మిగతా 41 మందికి సెలవు ఇచ్చినట్టే.

ఇక అందరి చేతా జవాబు రాబట్టడానికి పలకలను మించింది లేదు. పాత పలక, బలపం అయినా సరే, లేకపోతే తెల్ల కాగితాన్ని పారదర్శక ప్లాస్టిక్ కవర్లో పెట్టి మార్కర్, పాత గుడ్డ ముక్క ఇచ్చినా సరే. ప్రశ్నను బోర్డు మీద రాయండి, నోటితో చెప్పి వదిలేయొద్దు. ఒక నిమిషం మాటల్లేకుండా రాయాలి. రాశాక పలక బోర్లా పెట్టాలి. "చూపించండి" అనగానే అన్నీ ఒక్కసారిగా పైకి లేవాలి. ఒకరు ముందు ఎత్తితే పక్కవాళ్ళు చూసి రాసేస్తారు, కాబట్టి బోర్లా పెట్టే నియమం మొదటి వారం గట్టిగా పట్టాలి. అంకె అరచేయంత ఉండాలి, లేకపోతే వెనక బెంచీ పలకలు మీకు కనపడవు. ఇంకొకటి, మీ కళ్ళు. సరైన పలక దగ్గర మీ చూపు ఆగి మొహం విచ్చుకుందంటే జవాబేమిటో గదికంతా తెలిసిపోతుంది. ఎడమ నుంచి కుడికి ఒకే వేగంతో చూసుకుంటూ వెళ్ళండి.

ఇప్పుడు మీ 0.35, 0.8 దగ్గరకు వద్దాం. "0.35, 0.8 లో ఏది పెద్దది?" అని ఒక్కటే అడిగితే మోసపోతాం. దశాంశాల్లో పిల్లలు తప్పటడుగు వేసే దారులు ముఖ్యంగా రెండు. కొందరు పాయింట్ తర్వాతి భాగాన్ని మామూలు సంఖ్యలా చదువుతారు: 35 ఎక్కువ, 8 తక్కువ, కాబట్టి 0.35 పెద్దది. కొందరిది దీనికి తిరగబడ్డ ఆలోచన. వందో వంతులు పదో వంతుల కంటే చిన్నవని విన్నారు, కాబట్టి పాయింట్ తర్వాత ఎన్ని అంకెలుంటే అంత చిన్న సంఖ్య అని లెక్కేసుకున్నారు. ఈ రెండో రకం వాళ్ళు మీ ప్రశ్నకు 0.8 అని సరిగ్గానే రాస్తారు. మార్కు కూడా పడుతుంది, తప్పు ఆలోచన లోపలే ఉండిపోతుంది.

అందుకని జంటగా అడగండి:

మొదటిది: 0.8, 0.35 లో ఏది పెద్దది?
రెండోది: 0.3, 0.35 లో ఏది పెద్దది?

సరిగ్గా తెలిసినవాళ్ళు 0.8, 0.35 అని రాస్తారు. మొదటి రకం తప్పు దారివాళ్ళకు రెండింటికీ 0.35 వస్తుంది. రెండో రకం వాళ్ళకు 0.8, 0.3 వస్తాయి. పలక మీద జత చూడగానే ఎవరు ఏ దారిలో ఉన్నారో తెలుస్తుంది. ఇద్దరికీ మందు కూడా వేరు. మొదటివాళ్ళకు 0.8 ని 0.80 గా రాయించి, 10×10 గళ్ళ కాగితం మీద 80 గళ్ళు, 35 గళ్ళు రంగు వేయించాలి. రెండోవాళ్ళకు అదే గళ్ళ కాగితం మీద 0.3 అంటే 30 గళ్ళనీ, 0.35 అంటే ఆ 30కి ఇంకో 5 గళ్ళు కలిశాయనీ చూపించాలి. అందరికీ కలిపి "సున్నా చేర్చండి" అని సూత్రం చెప్తే ఇద్దరూ చేర్చేస్తారు, ఎందుకు చేర్చారో ఇద్దరికీ తెలియదు.

పలకలు చూశాక ఏం చేయాలన్నదానికి హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ పద్ధతి పనికొస్తుంది. 1990ల్లో మొదలుపెట్టాడు. ఒక్కరే ఆలోచించి జవాబు ఇవ్వాలి. సరైనవాళ్ళు 30 శాతం లోపు ఉంటే పాఠం మళ్ళీ చెప్పాలి, ఎందుకంటే వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడానికి సరుకు లేదు. 70 దాటితే రెండు ముక్కల్లో వివరించి ముందుకెళ్ళాలి. ఆ మధ్యలో ఉంటే వేరే జవాబు రాసినవాళ్ళతో రెండు మూడు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్ళీ రాయించాలి. మీ 42 మందిలో 13 నుంచి 29 దాకా అన్నమాట. వాదనకు ముందు సరైన జవాబేదో మీరు చెప్పకూడదు. చెప్తే వాదించడం మానేసి దాన్నే అప్పజెప్పుకుంటారు.

మూడో బెంచీ:

నల్లబల్ల గారు చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతున్నా. ఇప్పుడు చాలా బళ్ళల్లో మీడియం ఇంగ్లిష్, ఆలోచన తెలుగులో. "వై?" అని అడిగితే నిశ్శబ్దం వస్తుంది, అది లెక్క రాకపోవడం వల్లనో, వాక్యం కుదరక పోవడం వల్లనో తేల్చుకోలేం. "ఎందుకు" ప్రశ్నకు మొదటి జవాబు తెలుగులో చెప్పనివ్వండి, పక్కవాడితో చెప్పుకున్నా సరే. ఆ తర్వాత అదే మాటను ఇంగ్లిష్‌లో రాయించండి. రెండూ ఒకేసారి అడిగితే పిల్ల వాక్యం కూర్చుకోవడంలోనే అలిసిపోతుంది.

చిత్తుకాపీ:

క్లాసులో ప్రశ్నల గురించి పైన బాగా చెప్పారు. ఆ పాఠం నెల తర్వాత కూడా నిలవాలంటే ఏం చేయాలో నేను చెప్తాను. దీనికీ ప్రశ్నే కావాలి, ఈసారి పని వేరు.

రోడిగర్, కార్పికె అనే ఇద్దరు పరిశోధకులు 2006లో చేసిన ప్రయోగం ఒకటుంది. కాలేజీ విద్యార్థులకు చిన్న వ్యాసాలు ఇచ్చారు. కొన్నింటిని రెండుసార్లు చదివించారు. కొన్నింటిని ఒకసారి చదివించి, రెండోసారి పుస్తకం లేకుండా గుర్తున్నదంతా రాయించారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే రెండుసార్లు చదివినదే ముందుంది: 81 శాతం, 75 శాతం. రెండు రోజుల తర్వాత తారుమారైంది: 54, 68. వారం తర్వాత 42, 56. రాత్రి చదివి పొద్దున రాసేసే స్లిప్ టెస్టులో బట్టీ ఎందుకు గెలుస్తుందో, సంవత్సరాంత పరీక్షలో ఎందుకు ఓడిపోతుందో ఈ అంకెల్లోనే ఉంది. ఇదే పరిశోధనలో ఇంకో సంగతి తేలింది. మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళకే తమకు ఎక్కువ గుర్తుంటుందన్న నమ్మకం ఎక్కువ. చదివిన పేజీ కంటికి అలవాటైపోతుంది, ఆ అలవాటునే వచ్చేసిందనుకుంటాం.

కాబట్టి పీరియడ్ మొదటి 5 నిమిషాలు మూడు ప్రశ్నలకు కేటాయించండి. నిన్నటి పాఠంలోంచి ఒకటి, పోయిన వారానిది ఒకటి, పోయిన నెలది ఒకటి. పుస్తకం మూసి చిత్తు కాపీలో రాయాలి, మార్కులు లేవు. ఖాళీ వదలకూడదు, తెలియకపోతే ఊహించి రాయాలి. జవాబు పక్కన నమ్మకం గుర్తు పెట్టించండి: గట్టిగా తెలిస్తే టిక్కు, అనుమానమైతే ప్రశ్నార్థకం. తర్వాత మీరు బోర్డు మీద జవాబు రాస్తే ఎర్ర పెన్నుతో వాళ్ళే దిద్దుకుంటారు. టిక్కు పెట్టి తప్పు రాసిన చోట సున్నా చుట్టించండి. ఆ సున్నాలే మీకు విలువైనవి. గట్టి నమ్మకంతో చేసిన తప్పు, సరైన జవాబు కళ్ళ ముందు పెట్టగానే, అనుమానంతో చేసిన తప్పు కంటే బాగా దిద్దుకుంటుందని బటర్‌ఫీల్డ్, మెట్‌కాఫ్ 2001లో చూపించారు. "అదేంటి, ఇది కాదా!" అన్న ఉలికిపాటు అక్కడ పనిచేస్తుంది. అయితే దిద్దడం ఆ పూటే జరగాలి. కాపీలు ఇంటికి మోసుకెళ్ళి నాలుగు రోజులకు తిరిగిస్తే ఆ ఉలికిపాటు మిగలదు.

ఇంటిదగ్గరికి అట్టముక్కల డబ్బా చెప్పండి. ముక్కకు ఒకవైపు ప్రశ్న, రెండోవైపు జవాబు. 1972లో జర్మన్‌లో సెబాస్టియన్ లైట్నర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి. పిల్లలకు ఆయన చెప్పిన ఐదు అరలు అక్కర్లేదు, చెప్పుల డబ్బాలో మూడు చాలు. మొదటి అర రోజూ, రెండోది మూడు రోజులకోసారి, మూడోది వారానికోసారి. జవాబు సరిగ్గా వస్తే ముక్క తర్వాతి అరకు వెళ్తుంది. తప్పితే ఏ అరలో ఉన్నా మొదటి అరకు వస్తుంది. రోజుకు కొత్తవి ఐదు మించొద్దు. పది చొప్పున వేసుకుంటే రెండో వారానికి రోజూ చూడాల్సినవి కుప్పపడి పిల్లలు డబ్బా అటకెక్కిస్తారు.

ఇది పాడయ్యే చోట్లు రెండు. ముక్క తిప్పి జవాబు చూసి "ఆ, ఇది నాకు తెలుసులే" అనుకోవడం మొదటిది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా తెచ్చుకోవడం వేరు. తిప్పకముందు పైకి చెప్పాలి, లేదా రాయాలి. రెండోది ప్రశ్న రాసే తీరు. గైడులోంచి "త్రిభుజ ధర్మాలు వ్రాయుము" అని ఎక్కిస్తే అది ముక్క మీద ఇమిడే ప్రశ్న కాదు, సగం వస్తే సరైనదో తప్పో పిల్లకు తెలియదు. "3, 4, 8 సెం.మీ. పుల్లలతో త్రిభుజం ఎందుకు కుదరదు?" అని రాయించండి. జవాబు ఒక్క వాక్యం, కానీ ఆ వాక్యం రావాలంటే 3, 4 పుల్లలు కలిపినా 8 చేరవన్న బొమ్మ మనసులో పడాలి.

సుద్దముక్క:

అందరికీ ధన్యవాదాలు. 0.35 జంట ప్రశ్న చూశాక ఇన్నాళ్ళూ సరైన జవాబులని వదిలేసినవాటి మీద అనుమానం వస్తోంది. రెండు సందేహాలు. ఇవన్నీ చేస్తే సిలబస్ ఎలా అవుతుంది? తప్పు జవాబును క్లాసులో పైకి తీసి చర్చిస్తే, సరిగ్గా తెలిసినవాళ్ళకు కూడా ఆ తప్పు అంటుకోదా?

నల్లబల్ల:

పీరియడ్‌కు పలక ప్రశ్న ఒక్కటే పెట్టుకోండి, అది కూడా 20వ నిమిషం దగ్గర. అక్కడ అటో ఇటో తేలితే మిగతా 25 నిమిషాలు ఎటు నడపాలో తెలుస్తుంది. వాదన, మళ్ళీ రాయడం కలిపి ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. ఇది చేయకుండా దశాంశాలు చివరి దాకా చెప్పేసి, కూడికల అధ్యాయంలో మళ్ళీ వెనక్కి రావడానికి మూడు పీరియడ్లు పడతాయి. అన్ని అధ్యాయాలకూ ఇది అక్కర్లేదు. ఏడో తరగతిలో పూర్ణ సంఖ్యల గుర్తులు, భిన్నాలు, దశాంశాలు, సామాన్య సమీకరణాలు, శాతాలు: ఈ ఐదు చోట్లా పెట్టి, డేటా పట్టికల్లాంటి చోట వదిలేయండి.

పూర్వపక్షం:

తప్పు అంటుకోదా అన్న సందేహం న్యాయమైనదే. తప్పును తేల్చకుండా గంట కొట్టేస్తే అంటుకుంటుంది. అదే పీరియడ్‌లో కారణంతో సహా తేల్చి, బోర్డు మీద తప్పు చెరిపేసి, సరైనది మిగిల్చి వెళ్తే అంటుకోదు. ఎవరి పేరూ చెప్పకుండా "ఒక పలక మీద 0.35 ఉంది. అలా రాసినవాళ్ళు ఎలా ఆలోచించి ఉంటారు?" అని మిగతావాళ్ళను అడగండి. తప్పు వెనక దారిని ఊహించి చెప్పడం, సరైన జవాబు చెప్పడం కంటే కష్టమైన పని. బాగా చదివే ఐదారుగురికి మీరు ఇవ్వగలిగిన మంచి పని కూడా అదే.

మన న్యాయదర్శనం, అంటే పాత తర్కశాస్త్రం, దీన్ని చాలా పద్ధతిగా పట్టుకుంది. గౌతముడి మొదటి సూత్రంలో చెప్పిన 16 పదార్థాల్లో (విచారించాల్సిన అంశాల్లో) ప్రమాణం (తెలుసుకునే సాధనం), ప్రమేయం (తెలుసుకోవాల్సిన విషయం) తర్వాత మూడోదే సంశయం. సంశయాన్ని తెలివితక్కువతనం కింద తోసేయకుండా విచారణ మొదలయ్యే చోటుగా పెట్టారు. చర్చనూ మూడుగా విడదీశారు: నిజం తేల్చుకోవడానికి వాదం, గెలుపు కోసం జల్పం, తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా ఎదుటివాడిది పడగొట్టడానికి వితండం. ఓటమి లెక్కకట్టే నిగ్రహస్థానాలు 22 ఉన్నాయి. వాటిలో అననుభాషణం అని ఒకటి. ఎదుటివాడు మూడుసార్లు చెప్పి, సభకు అర్థమైన మాటను తిరిగి చెప్పలేకపోతే ఓడిపోయినట్టే. ఇది మజూర్ చర్చకు అచ్చంగా సరిపోయే నియమం. పక్కవాడిని కాదనే ముందు "నువ్వన్నది ఇది గదా" అని వాడి మాట తిరిగి చెప్పాలి, వాడు "అవును" అన్నాకే తన మాట మొదలుపెట్టాలి. ఈ ఒక్క నియమం లేకపోతే రెండు నిమిషాల చర్చలో గొంతు పెద్దవాడి జవాబే పలకలన్నిటి మీదకీ ఎక్కుతుంది.

సోక్రటీసు పేరు చెప్పి చేసే ఒక పొరపాటు గురించి కూడా చెప్పాలి. ప్లేటో రాసిన 'మెనో' అనే సంభాషణలో ఒక బానిస కుర్రాడిని సోక్రటీసు అడుగుతాడు: భుజం 2 అడుగులున్న చదరం వైశాల్యం 4. దానికి రెట్టింపు, అంటే 8 ఉండే చదరానికి భుజం ఎంత? కుర్రాడు 4 అంటాడు. గీసి చూస్తే వైశాల్యం 16. అయితే 3 అంటాడు. చూస్తే 9. "నాకు తెలియదు" అంటాడు అప్పుడు. పాఠంలో అసలు పని ఇక్కడిదాకా జరిగింది, తన రెండు జవాబులూ ఎందుకు కూలాయో తన లెక్కతోనే చూశాడు. ఆ తర్వాత మూల నుంచి మూలకు కర్ణం తెచ్చింది సోక్రటీసే, కుర్రాడు ఎక్కువగా "అవును" అంటూ వెళ్తాడు. మనం క్లాసులో ఈ రెండో భాగాన్నే అనుకరిస్తాం. "ఇది ఇంతే కదా? అప్పుడు అది అంత అవుతుంది కదా?" అని "కదా"లు పేర్చుకుంటూ పోయి, పిల్లల చేతే రాబట్టామనుకుంటాం. ప్రశ్న చివర "కదా" వచ్చిందంటే అందులో జవాబు కూడా ఉన్నట్టే.

ఆ చదరం లెక్కను "కదా" లేకుండా చేయించొచ్చు. ఒక్కొక్కరికీ 4 అంగుళాల చదరపు కాగితం ఇచ్చి, వైశాల్యం 16 అని రాయించండి. "మడిచి వైశాల్యం 8 ఉండే చదరం చేయండి. చదరమే రావాలి" అనండి. ముందు సగానికి మడుస్తారు, దీర్ఘచతురస్రం వస్తుంది. మళ్ళీ మడుస్తారు, చదరమే గానీ వైశాల్యం 4 అయిపోతుంది. అలాగే రెండు మూడు నిమిషాలు పోనివ్వండి. ఎవరో ఒకరు నాలుగు మూలలూ మధ్యకు మడుస్తారు. అప్పుడు అడగాల్సింది ఒక్కటే: "ఇది సరిగ్గా సగమేనని ఎలా చెప్తావ్?" అంతటా రెండు పొరలే ఉన్నాయని పిల్లలే వేలు పెట్టి చూపిస్తారు.

ఇంకొక్కటి. "తెలియదు" అనే జవాబుకు క్లాసులో పరువు ఉండాలి. ప్రశ్నోపనిషత్తులో ఆరుగురు వచ్చి పిప్పలాదుడనే ఋషిని అడగబోతే, ఏడాది పాటు నియమంతో ఇక్కడ ఉండండి, తర్వాత మీకు కావలసినవి అడగండి, మాకు తెలిస్తే అన్నీ చెబుతాం అంటాడు. తెలిస్తే అన్న మాట గమనించండి. ఆరో ప్రశ్న వేసిన సుకేశుడు కూడా, కోసల రాజకుమారుడు తనను ఇదే అడిగితే తెలియదని చెప్పి పంపేశాననీ, అబద్ధమాడినవాడు వేళ్ళతో సహా ఎండిపోతాడనీ అంటాడు. క్లాసులో మాత్రం "తెలియదు" దగ్గర ఆపేయొద్దు. "ఎక్కడిదాకా తెలుసు?" అని అడగండి. చాలాసార్లు మూడు మెట్ల లెక్కలో రెండు మెట్లు వచ్చి ఉంటాయి.

పృచ్ఛకుడు:

పిల్లల చేత అడిగించడం గురించి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి అది నేను చెప్తాను.

"ఎవరికైనా డౌట్లున్నాయా?" అంటే రావు. సందేహం నలుగురిలో బయటపెట్టడానికి ధైర్యం కావాలి, దాన్ని వాక్యంగా కూర్చడానికి సమయమూ కావాలి. ఆ రెండూ మనమే ఇవ్వాలి. బోర్డు మీద ప్రశ్న కాకుండా ఒక వాక్యం రాయండి: "గుణిస్తే సంఖ్య పెద్దదవుతుంది." 42 మందిని పది గుంపులు చేయండి, ఎనిమిదింటిలో నలుగురేసి, రెండింటిలో ఐదుగురేసి. ఆ వాక్యం గురించి 4 నిమిషాల్లో ఎన్ని ప్రశ్నలు వస్తే అన్ని రాయాలి. జవాబులు చెప్పుకోకూడదు. "ఇది పిచ్చి ప్రశ్న" అనకూడదు. అడిగినవాళ్ళు ఎలా అంటే అలాగే రాయాలి. తర్వాత 2 నిమిషాల్లో అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నల్లో ఒకటి తీసుకుని "ఎప్పుడు", "ఎందుకు" వచ్చేలా మార్చాలి. "ఎప్పుడూ పెద్దదవుతుందా?" అన్నది "ఎప్పుడెప్పుడు పెద్దదవదు?" అవుతుంది. గుంపుకొకటి ఎంచి బోర్డు మీద రాస్తే మర్నాటి పాఠం దాంట్లోంచే నడుస్తుంది. మొదటిసారి గుంపుకు రెండు మూడే వస్తాయి, నిరుత్సాహపడొద్దు. మీరు గుంపుల మధ్య తిరుగుతూ జవాబులు ఇవ్వడం మొదలుపెడితే మాత్రం ఆట చెడుతుంది.

తెలుగువాళ్ళకు ఇంట్లోనే ఉన్న పద్ధతి ఇంకోటుంది, అవధానం. అష్టావధానంలో పృచ్ఛకులు, అంటే అడిగేవాళ్ళు, వేసే ప్రశ్నలు జవాబు తెలుసా లేదా అని చూసే రకం కావు. ఒక అడ్డంకి పెట్టి, దాన్ని దాటే దారి అవధాని చేతే వేయిస్తాయి. ఆ అడ్డంకుల్ని లెక్కల్లోకి తెచ్చుకోవచ్చు.

నిషిద్ధం: "గుణకారం వాడకుండా 80లో 25 శాతం ఎంతో చెప్పు." సగం 40, దాంట్లో సగం 20. శాతం అంటే 100తో భాగించి గుణించే తంతు అనుకునే పిల్ల మొదటిసారి 25 శాతాన్ని పావుగా చూస్తుంది.

దత్తపది: నాలుగు మాటలిచ్చి లెక్క కట్టమనడం. "వంటనూనె, 0.75, సగం, మిగిలింది." ఇచ్చిన లెక్క చేయడం వచ్చినవాళ్ళు కూడా ఇక్కడ తడబడతారు, ఎందుకంటే దేంట్లో సగమో వాళ్ళే నిర్ణయించుకోవాలి.

సమస్య: చూడ్డానికి పొసగని మాట ఇచ్చి, పొసిగేలా పూరించమనడం. "భాగిస్తే పెద్దదైంది." 6 ÷ 1/2 = 12 అని ఒకరు పూరిస్తారు. అక్కడ ఆగకుండా కథ అడగాలి: ఆరు రొట్టెల్ని సగం సగం చేస్తే ఎన్ని ముక్కలు? "చుట్టుకొలత పెరిగింది, వైశాల్యం తగ్గింది" ఇంకా మంచి సమస్య. 4×4 కి చుట్టుకొలత 16, వైశాల్యం 16. 9×1 కి 20, 9.

అవధానంలో నాకు చాలా ఇష్టమైన సంగతి దాని వరుస. పద్యం ఒక్కసారిగా చెప్పేయరు. ఒక్కో ఆవృత్తంలో (చుట్టులో) ఒక్కో పాదం, మధ్యలో మిగతా పృచ్ఛకులు, అప్రస్తుత ప్రసంగం అల్లరి, చివర ధారణలో అన్ని పద్యాలూ మొదటి నుంచి. ఆపిన చోటి నుంచి ప్రతిసారీ గుర్తుతెచ్చుకుని ముందుకెళ్ళాలి. చిత్తుకాపీ గారు చెప్పిన మూడు అరల డబ్బా ఒక్క సభలోకి కుదించినట్టు ఉంటుంది. వారానికోసారి శుక్రవారం పీరియడ్ ఇలా నడపండి, పృచ్ఛకులు పిల్లలే. నిషేధం పెట్టేవాడికి ఎదుటివాడు ఏ దారిలో వెళ్తాడో ముందే తెలియాలి, లేకపోతే అడ్డం పెట్టలేడు. అందుకే ఆ పీరియడ్‌లో అడిగినవాడే ఎక్కువ నేర్చుకుంటాడు.

సుద్దముక్క:

పృచ్ఛకుడు గారూ, సమస్యాపూరణం ఈ శుక్రవారమే పెడతాను. భిన్నాలకు పలక ప్రశ్న ఒకటి రాశాను, చూడండి: "2/3, 3/4 లో ఏది పెద్దది?" సరిపోతుందా?

నల్లబల్ల:

సరిపోదండీ. లవం, హారం రెండూ పెద్దగా ఉంటే భిన్నమూ పెద్దదనుకునే పిల్ల కూడా 3/4 అని సరిగ్గానే రాస్తుంది. ఇది కూడా జంటగా పెట్టండి:

మొదటిది: 2/3, 3/5
రెండోది: 3/4, 7/8

తెలిసినవాళ్ళు 2/3, 7/8 రాస్తారు. పెద్ద అంకెలు చూసేవాళ్ళకు 3/5, 7/8 వస్తాయి. "హారం చిన్నదైతే భిన్నం పెద్దది" అన్న ఒక్క ముక్కే పట్టుకున్నవాళ్ళు 2/3, 3/4 అంటారు. ఇంకో రకం ఉంది, హారానికీ లవానికీ తేడా ఎంతో చూసేవాళ్ళు. తేడా తక్కువైతే భిన్నం పెద్దదని వాళ్ళ లెక్క. మొదటి దాంట్లో 2/3 సరిగ్గా రాస్తారు, రెండో దాంట్లో రెండు చోట్లా తేడా ఒకటే కాబట్టి సమానం అనుకుంటారు. అందుకని "సమానమైతే సమానం అని రాయొచ్చు" అని ప్రశ్న కిందే రాసి పెట్టండి. ఆ మాట లేకపోతే వాళ్ళు ఏదో ఒకటి ఊహించి రాస్తారు, సగం మంది 7/8 రాసి తెలిసినవాళ్ళలో కలిసిపోతారు.